సైన్యం ఎలా నేర్చుకుంటుంది, ఎలా మరిచిపోతుంది

మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే మిత్రుడొకాయన ఈ మధ్య ఫోన్ చేసి, "సైన్యం నేర్చుకునే సంస్థ కాగలదంటావా? అక్కడ పైవాడు చెప్పిందే వేదం కదా" అన్నాడు. ఆయన కంపెనీలకు వెళ్లి ఇదే విషయం మీద వర్క్‌షాపులు పెడుతుంటాడు. నేను యుద్ధవిమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆఫీసర్ని కాను, రెంచి పట్టుకున్నవాణ్ణి. రిటైరయ్యాక సైనిక చరిత్ర చదవడం ఒక వ్యసనంలా పట్టుకుంది. ఫోన్లో ఆయనకు ముక్కలుముక్కలుగా ఏదో చెప్పాను కానీ తృప్తి కలగలేదు. అందుకే ఇది.

శాంతికాలంలో సైన్యం చేసే పనిలో సింహభాగం శిక్షణే. ఏ కంపెనీ కూడా తన మనుషుల్ని అన్నేసి నెలలు కోర్సుల్లో కూర్చోబెట్టదు. అయితే శిక్షణ ఎంత బాగా ఇచ్చినా, అది సంస్థకు ఇప్పటికే తెలిసినదాన్ని కొత్తవాడికి ఎక్కించడమే. సంస్థకు తెలిసిందే తప్పైతే, మంచి శిక్షణ ఆ తప్పును ఇంకా గట్టిగా నాటుతుంది. అది తప్పని మొదట తెలిసేది ఎవరికి? దాదాపు ఎప్పుడూ కిందవాడికే. సరిచేసే అధికారం మాత్రం ఎక్కడో దూరంగా, ఆఫీసులో కూర్చున్నవాడి దగ్గర ఉంటుంది. ఆ వార్త అంత దూరం వెళ్తుందా, మోసుకెళ్లినవాడి గతి ఏమవుతుంది అన్నదాన్ని బట్టే ఒక సైన్యం నేర్చుకుంటోందో లేదో చెప్పొచ్చని నా అభిప్రాయం. మిగతావి, అంటే పోర్టళ్లు, సెమినార్లు, గోడల మీద పోస్టర్లు, ఉంటే ఉంటాయి.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ అమెరికా నౌకాదళం వాడిన మార్క్ 14 టార్పెడో. 1941 డిసెంబరులో వాళ్లు యుద్ధంలోకి దిగేసరికి జలాంతర్గాముల ప్రధాన ఆయుధం అదే. ఒక్కోటి దాదాపు 10,000 డాలర్లు. అంత ఖరీదైనదాన్ని వృథా చేయడమెందుకని యుద్ధానికి ముందు నిజంగా పేల్చి చూసిన పరీక్షలు దాదాపు లేవు. యుద్ధం మొదలవగానే కెప్టెన్లు తిరిగొచ్చి చెప్పడం మొదలుపెట్టారు: గురి సరిగ్గానే పెట్టాం, టార్పెడో ఓడ కిందనుంచి వెళ్లిపోయింది, దారిలోనే పేలిపోయింది, తగిలిన శబ్దం విన్నాం, పేలలేదు. ఆయుధాల విభాగం నుంచి వచ్చిన జవాబు ఏమిటంటే, ఆయుధం బాగానే ఉంది, మీ గురి బాగాలేదు, మీవాళ్లు దాన్ని సరిగ్గా చూసుకోవడం లేదు.

ఆస్ట్రేలియాలో జలాంతర్గాముల బాధ్యత చూస్తున్న చార్లెస్ లాక్‌వుడ్ అనే అడ్మిరల్ 1942 జూన్‌లో చాలా చిన్న పని చేశాడు. ఆల్బనీ దగ్గరి సముద్రంలో చేపల వల ఒకటి నిలువుగా వేలాడదీసి, దాని మీదికి టార్పెడోలు వదిలించాడు. వలకు పడిన కన్నాల లోతు కొలిస్తే, పెట్టిన లోతుకంటే సుమారు 11 అడుగులు కిందగా వెళ్తున్నాయని తేలింది. ఆయుధాల విభాగం ముందు ఆ పరీక్షే సరైంది కాదంది. చివరికి తామూ పరీక్షించి, ఆగస్టులో ఒప్పుకుంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. లోతు సరిచేశాక రెండో లోపం బయటపడింది. ఓడ ఉక్కు వల్ల కలిగే అయస్కాంత మార్పును పట్టుకుని పేలాల్సిన యంత్రం సరిగ్గా పనిచేయడం లేదు. 1943 జూన్‌లో పసిఫిక్ నౌకాదళ అధిపతి నిమిట్జ్ తన కింద ఉన్న జలాంతర్గాముల్లో దాన్ని ఆపేయించాడు. ఆస్ట్రేలియాలో ఇంకో విభాగానికి అధిపతిగా ఉన్న రాల్ఫ్ క్రిస్టీ మాత్రం ఆ ఏడాది చివరిదాకా ఆపనివ్వలేదు. ఆ యంత్రం తయారీలో ఆయన పనిచేసి ఉన్నాడు. తన బిడ్డ మీద చాడీ ఎవరు ఒప్పుకుంటారు?

ఆ తర్వాత మూడోది. 1943 జూలైలో టినోసా అనే జలాంతర్గామి ఒక పెద్ద జపాన్ ఓడను ఆపగలిగింది. ఆగిపోయిన ఓడ, కదలని లక్ష్యం. కెప్టెన్ డాస్పిట్ పక్కకు జరిగి, కొలతలన్నీ చూసుకుని, ఒకదాని తర్వాత ఒకటి వదిలాడు. తగులుతున్నాయి, పేలడం లేదు. మొత్తం 15 వదిలాక చివరి టార్పెడోను వదలకుండా ఆపుకుని, పరీక్షకు ఇవ్వడానికి వెనక్కి తెచ్చాడు. దీని మీద వ్యాసాలెన్ని చదివినా నాకు బాగా గుర్తుండిపోయింది ఈ ఒక్క పనే. చేతికి అందిన లక్ష్యాన్ని వదిలేసి సాక్ష్యాన్ని ఇంటికి తెచ్చాడు.

హవాయిలో కొండరాళ్ల మీదికి టార్పెడోలు వదిలి, తర్వాత క్రేన్ మీదనుంచి ఇనుప పలక మీద పడేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఓడకు నిటారుగా, 90 డిగ్రీల్లో తగిలితే ఆ దెబ్బకు టార్పెడోను పేల్చే పిన్ను ఇరుక్కుపోయి పేలడం లేదు. వాలుగా తగిలితే పేలుతోంది. అంటే గురి ఎంత బాగా కుదిరితే ఆయుధం అంతగా మొండికేస్తోంది. కెప్టెన్ల గురి బాగాలేదని ఆయుధాల విభాగం ఇచ్చిన జవాబును ఇప్పుడు మరోసారి చదవండి. తేలికైన లోహంతో పిన్ను మార్చి, అన్నీ సర్దుకునేసరికి యుద్ధం మొదలై దాదాపు 2 ఏళ్లు కావస్తోంది.

ఇందులో దొంగలెవరూ లేరు. ఆయుధాల విభాగంలో ఉన్నది తెలివైన ఇంజనీర్లే. తయారు చేసినవాళ్లే ఫిర్యాదుకు తీర్పరులు కావడం ఒక తప్పు. ఒక లోపం ఇంకో లోపాన్ని దాచిపెట్టడం దురదృష్టం. వీటన్నిటికీ మించి, ప్రాణాలకు తెగించి వార్త తెచ్చినవాణ్ణే ముద్దాయిని చేయడం. ఇంత జరిగినా చివరికి వాళ్లు నేర్చుకోగలిగారంటే, తన కింది కెప్టెన్ల మాటను తన భుజాన వేసుకున్న ఒక అడ్మిరల్ ఉండటమే కారణం. అలాంటి అడ్మిరల్ లేనిచోట కూడా పని జరగాలన్నదే కదా అసలు సమస్య.

ఇక నా ఫ్లైట్ లైన్ సంగతి. విమానం దిగాక పైలట్ తనకు తేడాగా అనిపించింది ఫామ్ 700లో రాస్తాడు. దాన్నే మేం స్నాగ్ అంటాం. మేం చూసి, బాగుచేసి, ఏం చేశామో రాసి సంతకం పెట్టాలి. గాల్లో వచ్చి నేల మీద రాని స్నాగులు కొన్ని ఉంటాయి. ఒక విమానంలో జనరేటర్ వార్నింగ్ లైటు అప్పుడప్పుడూ వెలిగి ఆరిపోయేది. నేల మీద ఇంజన్ నడిపి చూస్తే అంతా సుబ్బరంగా ఉండేది. అందుకని షిఫ్టు మీద షిఫ్టు అదే వాక్యం రాసింది: చెక్డ్, ఫౌండ్ సర్వీసబుల్. రాసినవాళ్లు అబద్ధమాడలేదు. చూశారు, బాగానే ఉంది. పాత పేజీలు తిప్పి చూసే తీరిక ఎవరికీ లేదు. పొద్దున్నే ఎన్ని విమానాలు సిద్ధంగా ఉన్నాయన్న లెక్క పైకి వెళ్లాలి, ఆ లెక్క తగ్గకూడదు.

మా దగ్గర ఒక సార్జెంట్ ఉండేవాడు. ఎవరూ అడగకపోయినా తోక నంబర్ల వారీగా స్నాగులన్నీ ఒక పాత నోటుబుక్కులో రాసుకునేవాడు. ఏ రోజు, ఎంత ఎత్తులో, ఎంతసేపటికి. ఆ లైటు ఎత్తుకు వెళ్లిన రోజుల్లోనే వెలుగుతోందని అతనే పట్టుకున్నాడు. పైన చలికి, అదురుకు ఒక కనెక్టర్‌లో పిన్ను వదులవుతోంది, కిందికొచ్చేసరికి మళ్లీ సర్దుకుంటోంది. మార్చాక లైటు మళ్లీ వెలగలేదు. ఆ ఏడాదే అతనికి పోస్టింగ్ వచ్చింది. నోటుబుక్కు అతని ట్రంకు పెట్టెలో అతనితోపాటే వెళ్లిపోయింది. కొన్నాళ్లకు అదే రకం స్నాగు మరో విమానంలో వచ్చింది. షిఫ్టు మీద షిఫ్టు అదే వాక్యం.

ఆ నోటుబుక్కును సంస్థ తనది చేసుకోగలిగితే ఎలా ఉంటుందో చూపించింది మళ్లీ అమెరికా నౌకాదళమే. 1954లో ఒక్క ఏడాదిలో వాళ్లు పోగొట్టుకున్న విమానాలు 776. పెద్ద యుద్ధమేదీ లేని ఏడాది అది. తర్వాత పదేళ్లలో చాలా మారాయి. విమానవాహక నౌకల డెక్కు మీద విమానాలు దిగే దారిని నౌక పొడవుకు కాస్త పక్కకు తిప్పారు. విడిగా ఒక భద్రతా కేంద్రం పెట్టారు. కొత్త విమానానికి మారే పైలట్లకు నేరుగా స్క్వాడ్రన్‌లో కాకుండా ముందు శిక్షణ స్క్వాడ్రన్‌లో నేర్పడం, మెయింటెనెన్స్ అన్నిచోట్లా ఒకే పద్ధతిలో చేయడం 1959 నుంచి మొదలయ్యాయి. 1961లో నాటాప్స్ అనే మాన్యువల్ వ్యవస్థ వచ్చింది. అంతకుముందు ఒకే విమానాన్ని ఒక్కో స్క్వాడ్రన్ ఒక్కోలా నడిపేది. కొన్ని దశాబ్దాల్లో నష్టపోయే విమానాలు ఏడాదికి పదుల్లోకి దిగాయి. విమానాల సంఖ్య కూడా తగ్గిన మాట నిజమే. కానీ ఎగిరిన గంటల లెక్కన చూసినా నష్టం బాగా తగ్గింది.

అందులో నాకు నచ్చింది నాటాప్స్‌లో ఉన్న ఒక మామూలు ఏర్పాటు. మాన్యువల్‌లో ఫలానా పేజీలో ఫలానా మాట తప్పు, ఇలా మార్చాలి అని ఎవరైనా ఫారం నింపి పంపొచ్చు. ఎవరైనా అంటే ఎవరైనా. కుర్ర మెకానిక్ కూడా. దాన్ని పరిశీలించడం పైవాళ్ల ధర్మం. దాంతోపాటు పేరు లేకుండా రాసి వేసే ఫారాలు, ప్రాణం మీదికి వచ్చి తప్పిపోయిన సంఘటనలను పైలట్లే స్వయంగా రాసుకునే అప్రోచ్ అనే పత్రిక. అది 1955లో మొదలైంది. నేనూ ఇలా ఇరుక్కున్నాను అని ఒక సీనియర్ పైలట్ అచ్చులో ఒప్పుకుంటే, ఒక కుర్రాడికి అది ఏ సర్క్యులర్ కన్నా ఎక్కువ నేర్పుతుంది. ఒప్పుకున్నందుకు ప్రమోషన్ పోలేదన్నది కూడా ఆ కుర్రాడు గమనిస్తాడు.

ప్రమోషన్ సంగతి వచ్చింది కాబట్టి వార్షిక రిపోర్టు గురించి కూడా. సైన్యంలో మనిషి భవిష్యత్తు మొత్తం పైఅధికారి ఏడాదికోసారి రాసే ఆ కాగితం మీద ఆధారపడి ఉంటుంది. యూనిట్లో ఏ లోపమూ లేదని రాయించుకున్నవాడు ముందుకు పోతాడు. లోపాలు బయటపెట్టినవాడు "సమస్యలు సృష్టించేవాడు" అనిపించుకుంటాడు. ఈ కాగితాన్ని ముట్టుకోకుండా నేర్చుకునే సంస్కృతి గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా, వినేవాళ్లు మర్యాదకు తలాడిస్తారంతే.

అమెరికా సైన్యం ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అనే పద్ధతిని తయారుచేసింది. నా మిత్రుడు తన వర్క్‌షాపుల్లో దీన్నే చెబుతాడట. 1980ల్లో కాలిఫోర్నియా ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ అనే చోట పెద్ద శిక్షణ కేంద్రం నడపడం మొదలుపెట్టారు. అక్కడ శత్రువు పాత్ర వేయడానికే ఒక దళం శాశ్వతంగా ఉంటుంది. తుపాకులకు, ట్యాంకులకు లేజర్లు. ఎవరు ఎవర్ని కొట్టారో పరికరాలే చెబుతాయి. వచ్చిన యూనిట్లు మామూలుగా ఓడిపోయేవి, అది మంచిదే. పోరు ముగిశాక కూర్చుని మాట్లాడుకుంటారు. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం చేద్దాం. అక్కడ చెప్పినమాట రిపోర్టులోకి ఎక్కదన్న నమ్మకమే దానికి ప్రాణం. అలా పోగుపడినదాన్ని మిగతా సైన్యానికి అందించడానికి 1985లో ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో విడిగా ఒక కేంద్రం పెట్టారు.

ఆ నాలుగు ప్రశ్నలు ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ప్రశ్నలు కాపీ కొట్టడం తేలిక. నేను చూసిన డీబ్రీఫుల్లో, అంటే పని ముగిశాక జరిపే సమీక్షల్లో, ఎక్కువ వాటికి ఒకటే జబ్బు. పెద్దాయన లేచి, "మొత్తమ్మీద బాగానే జరిగింది, ఏమంటారు?" అని మొదలుపెడతాడు. ఇంకేమంటారు? ఆయన తర్వాత మాట్లాడిన ప్రతివాడూ ఆ "బాగానే"ను ఇంకాస్త బాగుచేస్తాడు. దీనికి మందు సైన్యంలోనే, శతాబ్దాల నాటి పద్ధతుల్లోనే ఉంది. కోర్టు మార్షల్‌లో సభ్యుల అభిప్రాయం అడిగేటప్పుడు అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టే నియమం చాలా సైన్యాల్లో ఉంది. సీనియర్ మాట విన్నాక జూనియర్ వేరే మాట చెప్పడని ఆ నియమం రాసినవాళ్లకు తెలుసు. ఒక మనిషికి శిక్ష వేసేటప్పుడు పాటించే జాగ్రత్త డీబ్రీఫ్‌లో పాటించడానికి ఏం అడ్డం?

హోదాను కాసేపు గది బయట ఉంచితే ఏమవుతుందో చూడాలంటే లివర్‌పూల్ కథ చెప్పాలి. 1942 మొదట్లో అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు బ్రిటన్‌కు వచ్చే ఓడలను ముంచేస్తున్నాయి. క్షయతో సముద్రం మీది ఉద్యోగానికి దూరమైన గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారికి ఒక మేడలో గది ఇచ్చి, దీని సంగతి తేల్చమన్నారు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో ఎక్కువమంది రెన్లు, అంటే నౌకాదళ మహిళా విభాగం అమ్మాయిలు. చాలామంది వయసు 20 అటూ ఇటూ. నేల మీద గళ్లు గీసి దాన్నే సముద్రమనుకున్నారు. సుద్దతో ఓడల దారులు గీసేవారు. ఆట ఆడే అధికారులు తెరల వెనక నిలబడి చిన్న సందుల్లోంచి చూడాలి. నిజంగా ఓడ మీద ఉంటే ఎంత కనిపిస్తుందో అంతే కనిపించాలని. జలాంతర్గామి దారిని గీసిన సుద్ద రంగు ఆ సందుల్లోంచి చూస్తే కనిపించేది కాదు.

ఆ ఆటల్లోంచే, జలాంతర్గాములు బయటినుంచి దాడి చేయడం లేదు, ఓడల వరసల మధ్యలోకి చొరబడి కొడుతున్నాయన్న అనుమానం బలపడింది. దానికి విరుగుడుగా రాస్ప్‌బెర్రీ అనే వ్యూహం పుట్టింది. నౌకాదళంలో పెద్దలు నవ్వారు. అమ్మాయిలు నేల మీద సుద్దముక్కలతో ఆడే ఆటకు అనుభవజ్ఞులు తలొగ్గాలా అని. మాక్స్ హార్టన్ అనే అడ్మిరల్ మొదటి ప్రపంచయుద్ధంలో పేరున్న జలాంతర్గామి కెప్టెన్. ఆయనే వచ్చి జలాంతర్గామి తరఫున ఆడాడు. ఎదుటి పక్షం నడిపింది జానెట్ ఒకెల్ అనే యువతి. ఆయన వరసగా ఓడిపోయాడు. యుద్ధం ముగిసేలోపు దాదాపు 5,000 మంది అధికారులు ఆ గది నేల మీద పాఠం నేర్చుకుని సముద్రం మీదికి వెళ్లారు.

అడ్మిరల్‌కు ఆట నియమాలు మినహాయింపు ఇవ్వకపోవడం ఇందులో కీలకం. యుద్ధక్రీడలు చాలా సైన్యాలు ఆడతాయి. మనవాళ్లు ఓడిపోయేసరికి అంపైర్ మునిగిన ఓడను తేల్చడం కూడా జరుగుతుంది. అమెరికాతో మిడ్వే దగ్గర జరిగిన సముద్రయుద్ధానికి ముందు జపాన్ నౌకాదళం ఆడిన ఆటలో సరిగ్గా అదే జరిగింది. మునిగిందని తేలిన విమానవాహక నౌకను అడ్మిరల్ ఉగాకి మళ్లీ ఆటలోకి తెప్పించాడు. 1942 జూన్‌లో అసలు సముద్రంలో నాలుగు మునిగాయి.

ఓడిపోయిన సైన్యాలే బాగా నేర్చుకుంటాయని ఒక మాట ఉంది. కొంతవరకు నిజం. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1919 డిసెంబరులో, జర్మనీలో ఫాన్ జేక్ట్ అనే జనరల్ 57 కమిటీలు వేసి 400 మందికి పైగా అధికారులతో యుద్ధం మొత్తాన్ని తవ్వించాడు. ముందు ఊహించనివి ఏవి ఎదురయ్యాయి, మన పాత అభిప్రాయాలు ఎంతవరకు నిలిచాయి, యుద్ధం లేవనెత్తి పరిష్కారం దొరకనివి ఏవి అని అడిగాడు. గెలిచిన బ్రిటన్ అలాంటి కమిటీని 1932లో గానీ వేయలేదు. వేశాక వచ్చిన నివేదిక చేదుగా ఉందని, దాన్ని మెత్తబరిచి పంచారు. అయితే జర్మన్ల ఉదాహరణను మేనేజ్‌మెంట్ వాళ్లు మెచ్చుకుంటూ చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సైన్యం ఎలా పోరాడాలో అద్భుతంగా నేర్చుకుంది. ఎవరి కోసం, దేనికోసం అన్నది అడగలేదు. ఆ నేర్పంతా తీసుకెళ్లి హిట్లర్ చేతిలో పెట్టింది.

నివేదికల గతి గురించి చెప్పాలంటే మన దగ్గరా ఉంది. 1962 యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే సైనికాధికారులు రాసిన నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు. ఆ తర్వాత ఎన్ని తరాల అధికారులు వచ్చారో, వాళ్లందరూ దాని గురించి విన్నవాళ్లే తప్ప పూర్తిగా చదివినవాళ్లు కాదు. కార్గిల్ దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మారింది. 1999 జూలై చివర్లో కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కమిటీ వేశారు, ఆ ఏడాదే నివేదిక వచ్చింది, కొన్ని భాగాలు తీసేసి పార్లమెంటు ముందు పెట్టారు, పుస్తకంగా కూడా వేశారు. దాన్ని పరిశీలించిన మంత్రుల బృందం 2001లో మూడు దళాలకూ కలిపి ఒక అధిపతి ఉండాలని సిఫారసు చేసింది. మొదటి అధిపతి బాధ్యత తీసుకున్నది 2020 జనవరి 1న. నివేదిక రాయడానికి నెలలు, దాన్నుంచి పుట్టిన ముఖ్యమైన ఒక సిఫారసు అమలుకు దాదాపు 19 ఏళ్లు. చదివి, ఒప్పుకుని, మెచ్చుకుని కూడా ఆగిపోవచ్చన్నమాట.

నేర్చుకున్నది మరిచిపోవడం ఇంకో రకం. 1943లో బి-17 బాంబర్లు నేల మీద దిగిన వెంటనే పైలట్లు చక్రాలు ముడిచేసుకుని విమానాన్ని పొట్ట మీద కూర్చోబెడుతున్నారు. పైలట్ తప్పిదం అని రాసి ఫైలు మూసేవారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే కుర్ర సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. చక్రాల మీట, రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాపుల మీట పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. అలసిపోయిన చెయ్యి ఒకదానికి బదులు ఇంకోటి లాగుతోంది. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారపు ముక్క తగిలించాడు. ఆ గొడవ అంతటితో పోయింది. నేను పనిచేసిన విమానాల్లో కూడా చక్రాల మీట చివర చక్రమే ఉండేది. కళ్లు మూసుకున్నా చేతికి తెలుస్తుంది.

2017 ఆగస్టు 21 తెల్లవారుజామున, సింగపూర్ దగ్గర రద్దీగా ఉండే జలమార్గంలో జాన్ ఎస్. మెకెయిన్ అనే అమెరికా యుద్ధనౌక ఒక ట్యాంకర్‌కు అడ్డంగా తిరిగి ఢీకొంది. 10 మంది నావికులు చనిపోయారు. ఓడ స్టీరింగు పోలేదు. వేగం నియంత్రణను ఒక కన్సోల్ నుంచి పక్క కన్సోల్‌కు మార్చే హడావుడిలో స్టీరింగు నియంత్రణ కూడా టచ్‌స్క్రీన్ మీద అటు వెళ్లిపోయింది. అప్పటిదాకా స్టీరింగు పట్టుకున్నవాడు చుక్కాని పనిచేయడం లేదనుకున్నాడు. రెండు ఇంజన్ల వేగాన్ని కలిపి తగ్గించామనుకుంటే ఒకటే తగ్గింది. ఆ కన్సోల్ దగ్గర నిలబడినవాళ్లలో కొందరు వేరే నౌక నుంచి తాత్కాలికంగా వచ్చినవాళ్లు, ఈ పరికరం మీద తగిన శిక్షణ లేదు. నిద్ర కూడా లేదు. తర్వాత నౌకాదళం ఓడల మీద పనిచేసేవాళ్లను అడిగితే అందరికన్నా ఎక్కువగా వినిపించిన మాట, మాకు చేత్తో పట్టుకునే మీటలు ఇవ్వండి అని. 2019లో టచ్‌స్క్రీన్లు తీసేసి మీటలు పెడతామని ప్రకటించారు.

ఆ స్క్రీన్‌ను డిజైన్ చేసేముందు ఆ నావికుల్లో నలుగుర్ని కూర్చోబెట్టి అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లో ఊహించడం కష్టం కాదు. అప్పటికి 74 ఏళ్ల కిందట అదే దేశపు సైన్యం చేత్తో తడిమి నేర్చుకున్న పాఠం, విమానాల పుస్తకాల్లో భద్రంగా ఉంది. ఓడల వాళ్ల గుమ్మం దాకా రాలేదు.

ఇంతకీ ఒక యూనిట్లో ఏం మార్చాలని ఎవరైనా నన్ను అడిగితే, నేను మొదలుపెట్టేది పోస్టింగ్ దగ్గర. మాకు రెండుమూడేళ్లకోసారి మనుషులు మారిపోతారు. వెళ్లేవాడు వచ్చేవాడికి హ్యాండింగ్ ఓవర్ ఇవ్వాలి. ఎన్ని రెంచీలు, ఎన్ని టార్చిలైట్లు, ఎన్ని కుర్చీలు, అన్నీ లెక్కపెట్టి ఇద్దరూ సంతకాలు పెడతారు. ఒక స్క్రూడ్రైవర్ తగ్గితే వెళ్లేవాడికి రైలు తప్పిపోతుంది. ఏ విమానం ఏ రోజుల్లో మారాం చేస్తుంది, ఏ స్నాగు ఇంకా తేలలేదు, మాన్యువల్‌లో ఏ పేజీ తప్పని మాకు తెలిసి పైకి రాసినా జవాబు రాలేదు, వీటికి ఆ జాబితాలో గడి లేదు. నేనైతే ఒక పేజీ అదనంగా పెట్టిస్తాను. వెళ్లేవాడు తన అనుమానాలు రాయాలి, వచ్చేవాడు చదివి కనీసం రెండు ప్రశ్నలు అడిగాకే సంతకం. దీనికి ఇద్దరూ ఓ వారం కలిసి పనిచేయాలి. ఒకసారి ఈ మాట ఒక అధికారితో అన్నాను. ఆలోచన బాగుంది, కానీ ఒకే పోస్టులో ఇద్దర్ని వారం పాటు చూపించడానికి మంజూరు లేదన్నాడు. ఆ మంజూరు ఎవరు ఇవ్వాలని అడిగితే, అడిగి చెబుతానన్నాడు.